నెలాఖరులోగా చెప్పమంటున్న కోచ్: అమ్మాయి టెన్నిస్, కాలేజీ రిక్రూటింగ్ గోల

ఫ్రిస్కో_నాన్న
మా అమ్మాయి 11వ తరగతి. టెన్నిస్ ఆడుతుంది. యూటీఆర్ (టెన్నిస్ రేటింగ్) 9 దాటింది. మొన్న జూన్ 15న అర్ధరాత్రి 12 దాటి ఒక్క నిమిషం అయిందో లేదో దాని ఫోను టింగుమంది. చూస్తే మిడ్‌వెస్ట్‌లో ఒక పెద్ద స్టేట్ యూనివర్సిటీ కోచ్. పదో తరగతి అయ్యాక వచ్చే జూన్ 15 దాకా కోచ్‌లు పిల్లలకు మెసేజ్ పెట్టకూడదట. అందుకని మనిషి గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ రాత్రి ఇంట్లో ఎవరం సరిగ్గా పడుకోలేదు.

అప్పటినుంచి వారానికో ఫోను. దీపావళికి మెసేజ్. అక్టోబరులో అఫీషియల్ విజిట్‌కి పిలిచారు, రెండు రాత్రులు, ఖర్చంతా వాళ్లదే. లాకర్ మీద దాని పేరు, పేరున్న జెర్సీ వేసి ఫొటోలు, శనివారం ఫుట్‌బాల్ మ్యాచ్‌కి తీసుకెళ్లారు. రాత్రి కోచ్ ఇంట్లో భోజనం. మేం శాకాహారులమని తెలుసుకుని వాళ్లావిడ యూట్యూబ్ చూసి పనీర్ కూర చేసింది. ఉప్పు లేదు. అయినా మా ఆవిడ అక్కడే కరిగిపోయింది.

ఇప్పుడు సంగతేంటంటే, 60 శాతం స్కాలర్‌షిప్ ఇస్తాం, మిగతాది ఎన్ఐఎల్ డబ్బులతో (ప్రకటనలకి పేరు, ఫొటో వాడుకున్నందుకు ఆటగాళ్లకి ఇచ్చేవి) సర్దుకుంటుంది అంటున్నాడు. ఇంకో అమ్మాయి ఇదే స్థానం కోసం చూస్తోంది కాబట్టి నవంబరు 30లోగా మాట ఇవ్వాలట. రెండో పక్క ఈస్ట్‌కోస్ట్‌లో ఒక చిన్న డివిజన్ 3 కాలేజీ. చదువు బాగుంటుంది, ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు. ఆ కోచ్ ఇప్పటిదాకా పంపింది మొత్తం రెండు ఈమెయిళ్లు.

అమ్మాయిని అడిగితే "మీ ఇష్టం" అంటోంది. ఈ గడువు నిజమేనా, బెదిరింపా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఎడిసన్_బాబాయ్
బ్లాక్ ఫ్రైడే 28న. ఈయన సేలు ఇంకో రెండు రోజులు ఎక్కువే పెట్టాడు. మంచివాడే.

గోదారోడు
కాలేజీ వాళ్లే ఫోను చేసి పిల్లని బతిమాలుతున్నారా? మా రోజుల్లో ఎంసెట్ ర్యాంకు కార్డు పట్టుకుని మేమే కౌన్సెలింగ్ హాలు ముందు నిలబడ్డాం.

కేరీ_కల్యాణి
@గోదారోడు పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు మర్చిపోయారా? 590 దాటిన పిల్లాడి ఇంటికి సాయంత్రానికల్లా కార్పొరేట్ కాలేజీ పీఆర్వోలు స్వీటు డబ్బాతో దిగేవాళ్లు. "ఫీజు సగం, హాస్టల్ ఫ్రీ, ఏసీ క్యాంపస్, రేపటికల్లా చెప్పండి." ఇదీ అంతే. అక్కడ ర్యాంకు, ఇక్కడ బ్యాక్‌హ్యాండ్.

గోదారోడు
ఆ మాటకొస్తే మా ఇంటికి వచ్చిన పీఆర్వో నాన్నగారితో కాదు, తాతయ్యతో మాట్లాడాడు. సంతకం మర్నాడే అయిపోయింది.

చలిదేశం_శాంత
మావాడు స్విమ్మింగ్. 11వ తరగతి చలికాలంలో ఒక కాలేజీకి మాట ఇచ్చాడు. ఇన్‌స్టాలో పోస్టు పెట్టాడు, కేకు కోశాం, ఇండియాలో అందరికీ చెప్పేశాం. మిగతా కాలేజీలకి మర్యాదగా 'వద్దు' అని రాశాడు. తర్వాత ఏప్రిల్‌లో ఆ కోచ్ వేరే కాలేజీకి వెళ్లిపోయాడు. కొత్తాయన ఫోను చేసి రెండు నిమిషాలు మాట్లాడాడు. జట్టులో ఇంతమందే ఉండాలని ఇప్పుడు పరిమితి వచ్చిందట, మావాడి టైమింగులు ఆయన లిస్టుకి ఆనలేదట. అంతే.

ఇందులో చట్టప్రకారం ఎవరిదీ తప్పు లేదు. నోటిమాట ఇరుపక్కలా నోటిమాటే. కాకపోతే మావాడు దాన్ని నిలబెట్టుకున్నాడు.

ఫ్రిస్కో_నాన్న
శాంత గారూ, చదువుతుంటేనే కడుపులో తిప్పింది. బాబు ఇప్పుడెక్కడ?

చలిదేశం_శాంత
డివిజన్ 3లో ఈదుతున్నాడు, హాయిగా ఉన్నాడు. ఆ కేకు ఫొటో మాత్రం ఇంకా మా అత్తగారి వాట్సాప్ డీపీగా ఉంది, తీయమని చెప్పలేకపోతున్నాం.

మాజీ_సెకండ్_సింగిల్స్
నాలుగేళ్లు డివిజన్ 1లో, అంటే కాలేజీ ఆటల్లో పై స్థాయిలో, ఆడాను. తర్వాత రెండేళ్లు అసిస్టెంట్ కోచ్‌గా చేశాను. కాలేజీల పేర్లు చెప్పను. ఫోనుకి అటుపక్క ఏం జరుగుతుందో చెబుతా.

మా ఆఫీసులో ఒక ఎక్సెల్ షీటు ఉండేది. ఒక్కో అమ్మాయికి ఒక్కో వరస. యూటీఆర్, మార్కులు, కుడిచేతి వాటమా ఎడమచేతి వాటమా, ఇవి మామూలే. ఆ పక్కన కుక్కపిల్ల పేరు, తమ్ముడి పేరు, అమ్మ ఉద్యోగం. చిట్టచివరి గడి: ఇంట్లో మాట ఎవరిది? ఆ గడి ఖాళీగా ఉంటే మా హెడ్ కోచ్ ఊరుకునేవాడు కాదు. టోర్నమెంట్లన్నిటికీ కారు తోలేది నాన్నే అయినా, చాలా వరసల్లో అక్కడ "అమ్మ" అనే రాసేదాన్ని. ఇండియన్ కుటుంబమైతే ఆట గురించి తగ్గించి ట్యూటర్ల గురించి, ప్రీ-మెడ్ గురించి ఎక్కువ మాట్లాడమని నాకు చెప్పేవారు. మీకు దీపావళి మెసేజ్ పెట్టింది కోచ్ కాకపోవచ్చు, నాలాంటి అసిస్టెంట్ ఎవరో అయ్యుంటారు. ఒకసారి నన్ను అడక్కుండా మా హెడ్ కోచ్ ఒక జైన కుటుంబాన్ని బార్బెక్యూ హోటల్‌కి తీసుకెళ్లాడు. సోమవారం పొద్దున్న వచ్చి ఆ వరసకి ఆయనే ఎర్రరంగు వేశాడు.

గడువు సంగతి. సగం నిజం. ముగ్గురు కావాలంటే ఎనిమిది మందితో మాట్లాడతాం. పైనున్న ఇద్దరూ ఎక్కడికో వెళ్లిపోయిన పూట మూడో అమ్మాయికి ఫోను చేసి "మా మొదటి ఎంపిక నువ్వే" అంటాం. అబద్ధం కాదు, ఆ పూట నుంచి అది నిజమే. మీ అమ్మాయి లిస్టులో ఎక్కడుందో తెలియాలంటే, ఇంకో నెల టైమ్ అడిగి చూడండి. నిజంగా కావాలనుకున్నవాళ్లు గొణుగుతూ అయినా ఇస్తారు.

ఇంకోటి. 11వ తరగతి నవంబరులో ఆయన దగ్గర మీకివ్వడానికి కాగితమే లేదు. రాసిచ్చే ఆఫర్ 12వ తరగతికి ముందు ఆగస్టు 1 నుంచే ఇవ్వొచ్చు. సంతకాలు ఆ నవంబరులో. ఫలానా కాలేజీలోనే చేరతామని పిల్లలు సంతకం పెట్టే వెనకటి నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్‌ని కూడా 2024 అక్టోబరులో ఎత్తేశారు, ఇప్పుడు సంతకం పెట్టేది స్కాలర్‌షిప్ ఒప్పందం మీదే. అంటే ఆయన అడిగేది మీ మాట, ఇచ్చేది కూడా మాటే.

మీరు చేయాల్సిన పని ఒకటుంది, పావుగంట పడుతుంది. ఆ జట్టు వెబ్‌సైట్‌లో పాత ఏడాదుల జాబితాలు ఉంటాయి. నాలుగైదేళ్లవి తీసి, ఫ్రెష్‌మన్‌గా (మొదటి ఏడాదిలో) వచ్చిన అమ్మాయిల్లో ఎంతమంది నాలుగో ఏడాది దాకా ఉన్నారో లెక్కపెట్టండి. కోచ్ నోటితో చెప్పనిది అక్కడ కనబడుతుంది.

ఎడిసన్_బాబాయ్
ఇంట్లో మాట ఎవరిది అనే గడి మా ఇంటికైతే ఫోను చేసి కనుక్కోనక్కర్లేదు.

నెల్లూరు_నుంచి
ఇంత భయపెడితే ఎలా? మన నెల్లూరు మూలాలున్న నిశేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్‌లో రెండేళ్లు ఆడే కదా 2024 డిసెంబరులో ప్రొఫెషనల్ అయ్యాడు. 2025 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జొకోవిచ్ మీద మొదటి సెట్ గెలిచాడు. కాలేజీ టెన్నిస్ అంత తక్కువేం కాదు.

ఎడిసన్_బాబాయ్
తక్కువని ఎవరన్నారు. ఆ ఒక్క సెట్ చూసి ఇక్కడ ఎంతమంది నాన్నలు పిల్లలకి రాకెట్ కొన్నారో నాకు తెలుసు, వాళ్లలో నేనూ ఉన్నాను. కానీ హైస్కూల్లో ఆడే పిల్లల్లో కాలేజీ స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ వచ్చేది నూటికి ఇద్దరికి అని కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ వాళ్లే చెబుతారు. పైగా అదే స్టాన్‌ఫర్డ్ 2020లో 11 ఆటలు ఎత్తేస్తున్నామని ప్రకటించింది. గోలగోల అయ్యాక 2021 మేలో వెనక్కి తగ్గింది. అంత డబ్బున్నవాళ్లే అలా చేస్తే మిగతావాళ్ల సంగతి?

కేరీ_కల్యాణి
ఎత్తేసే భయం ఇప్పుడింకా ఎక్కువ. కాలేజీ ఆటగాళ్లు తమకీ డబ్బు రావాలని ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు ఒప్పందానికి 2025 జూన్‌లో జడ్జి ఆమోదం చెప్పారు కదా. దాని ప్రకారం ఒక్కో కాలేజీ తన ఆటగాళ్లకి నేరుగా డబ్బు పంచొచ్చు, మొదటి ఏడాది 2025-26కి రెండు కోట్ల అయిదు లక్షల డాలర్ల దాకా. అందులో సింహభాగం ఫుట్‌బాల్‌కి, తర్వాత బాస్కెట్‌బాల్‌కి. టెన్నిస్ ముందు గిన్నె వచ్చేసరికి అడుగంటి ఉంటుంది.

మాజీ_సెకండ్_సింగిల్స్
కల్యాణి గారి మాట నిజమే, కానీ ఒక మంచీ ఉంది. ఇదివరకు డివిజన్ 1లో అమ్మాయిల టెన్నిస్‌కి 8 స్కాలర్‌షిప్‌లు, అబ్బాయిలకి నాలుగున్నర. అబ్బాయిల కోచ్‌లు ఆ నాలుగున్నరని ముక్కలు చేసి పంచేవాళ్లు. హౌస్ ఒప్పందంలో చేరిన కాలేజీల్లో ఇప్పుడు ఆ లెక్క లేదు. జట్టులో 10 మందికి మించకూడదు, ఆ 10 మందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇచ్చుకోవచ్చు. కాలేజీ దగ్గర డబ్బుంటే.

అందుకే ఫ్రిస్కో గారూ, 60 శాతం ఎందుకు, 100 ఎందుకు కాదు అని అడగండి. తప్పేం లేదు. ఇంకా అడగాల్సింది: పదిమందిలో సింగిల్స్ ఆడేది ఆరుగురే, మీ అమ్మాయి మొదటి ఏడాది ఎన్నో నంబరు ఆడుతుందని ఆయన అనుకుంటున్నాడు? ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) నుంచి, విదేశాల నుంచి 21, 22 ఏళ్ల అమ్మాయిలు వస్తుంటారు. 2024 నుంచి చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లు కాలేజీ మారినా ఒక ఏడాది కూర్చోనక్కర్లేదు. మీ అమ్మాయి స్థానానికి పోటీ ఇంకో హైస్కూలు పిల్ల కాదు, వీళ్లు.

పచ్చకార్డు_ఎప్పుడో
అందరూ అసలు ప్రశ్న వదిలేశారు. ఫ్రిస్కో గారూ, అమ్మాయి సిటిజనా, హెచ్1 వాళ్ల పిల్లలకిచ్చే హెచ్4 వీసానా?

ఫ్రిస్కో_నాన్న
హెచ్4. మూడేళ్ల పిల్లగా వచ్చింది. మా గ్రీన్‌కార్డు లైను సంగతి మీ పేరులోనే ఉంది.

పచ్చకార్డు_ఎప్పుడో
అయితే ఆ "మిగతాది ఎన్ఐఎల్‌తో సర్దుకుంటుంది" అన్న ముక్క మీద పెన్సిలుతో అడ్డగీత కొట్టండి. హెచ్4 పిల్లలకి పని చేసే అనుమతి లేదు. ప్రకటనల్లో నటించి, పోస్టులు పెట్టి డబ్బు తీసుకోవడం పని కిందికే వస్తుంది. ఎఫ్1 (స్టూడెంట్ వీసా)కి మారినా ఇదే గొడవ. స్కాలర్‌షిప్ తీసుకోవచ్చు, దాంతో ఇబ్బంది లేదు. ఎన్ఐఎల్, కాలేజీ నేరుగా పంచే రెవెన్యూ షేర్ మాత్రం ఇమిగ్రేషన్ లాయరుని అడక్కుండా ముట్టుకోవద్దు. పైగా 21 నిండితే హెచ్4 పోతుంది, కాలేజీ మధ్యలో ఎఫ్1కి మారాలి. కోచ్‌కి ఇవేవీ తెలియవు, ఆయన తప్పు కాదు. ఆయన చెప్పిన నూరులో నలభై మీకు లేదు, అంతే.

ఫ్రిస్కో_నాన్న
ఈ కోణం మాకు తట్టనే లేదు. ఎన్ఐఎల్ అంటే అందరికీ వచ్చేదే అనుకున్నాం.

కేరీ_కల్యాణి
అలాగని డివిజన్ 3 వైపు కళ్లు మూసుకుని దూకకండి. మా పెద్దమ్మాయి అక్కడే ఆడింది, బంగారంలాంటి నాలుగేళ్లు. కానీ మేం సిటిజన్లం, ఫైనాన్షియల్ ఎయిడ్ వచ్చింది. హెచ్4కి ఫెడరల్ ఎయిడ్ రాదు, చాలా కాలేజీలు ఇంటర్నేషనల్ విద్యార్థి కిందే చూస్తాయి. ప్రైవేటు కాలేజీ అంటే ఏడాదికి 85 వేల డాలర్లు దాటే చోట్లు చాలా ఉన్నాయి. ఆ రెండు ఈమెయిళ్ల కోచ్‌ని ముందు ఈ సంగతి అడగండి. అడ్మిషన్లో ఆయన మాటకి ఎంత బరువుందో కూడా.

ఎడిసన్_బాబాయ్
నేను ఒప్పుకోను. పిల్ల చదువుకోవడానికి వెళ్తోంది. 60 శాతం ఇచ్చే స్టేట్ యూనివర్సిటీ ఉండగా 85 వేలు పోసి "ప్రశాంతత" కొనుక్కోవడమా?

చలిదేశం_శాంత
బాబాయ్ గారూ, డివిజన్ 1లో పొద్దున్న ఆరింటికి జిమ్, మధ్యలో క్లాసులు, మళ్లీ కోర్టు. మీ పిల్లని పంపండి, తర్వాత మాట్లాడదాం.

ఎడిసన్_బాబాయ్
మా పిల్ల పొద్దున్న ఆరింటికి లేస్తే నేనే ఎదురు స్కాలర్‌షిప్ ఇస్తాను.

మాజీ_సెకండ్_సింగిల్స్
వారానికి 20 గంటలే అని నిబంధన ఉంది. ఫిజియో దగ్గర కూర్చున్న టైమ్, బస్సులో పోయిన టైమ్ అందులో లెక్కకి రావు. నేను ఆర్గానిక్ కెమిస్ట్రీ సగం బస్సులోనే చదివాను, మార్కులూ అలాగే వచ్చాయి. అయినా మళ్లీ పుడితే మళ్లీ ఆడతా. ఇది మీ అమ్మాయి తేల్చుకోవాల్సిన విషయం.

బోరబండ_భాయ్
నడుమల వస్తున్న, ఏమనుకోకండి. మేం హైదరాబాద్‌లనే ఉంటం. మా పిల్లగాడు ఇంటర్ ఫస్టియర్, ఏఐటీఏ (ఇండియా టెన్నిస్ సంఘం) టోర్నమెంట్లు ఆడతడు. మన సాకేత్ మైనేని కూడా అలబామా యూనివర్సిటీల ఆడొచ్చినోడే కదా, మావోనికి అదే పిచ్చి. ఇక్కడ ఒక ఏజెన్సీ ఆరు లక్షలు కడితే అమెరికాల స్కాలర్‌షిప్ గ్యారంటీ అంటున్నరు. ఇంటర్ అయినంక రెండేండ్లు మంచిగ ఆడిపిచ్చి అప్పుడు పంపుదం అంటున్నరు. నమ్మాలా?

మాజీ_సెకండ్_సింగిల్స్
@బోరబండ_భాయ్ గ్యారంటీ అన్నారంటే అక్కడే ఆగిపోండి. రెండేళ్లు ఆగమన్నది ఇంకా ప్రమాదం. డివిజన్ 1 టెన్నిస్‌లో ఇంటర్ అయిన ఆర్నెల్లలోపు కాలేజీలో చేరకుండా టోర్నమెంట్లు ఆడుతూ పోతే ఆడే ఏడాదులు కోల్పోతాడు. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా మార్కుల మెమోలు దాచిపెట్టండి, ఆడే అర్హత తేల్చే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ 16 సబ్జెక్టులు లెక్కచూస్తుంది, సగటు 4కి 2.3 ఉండాలి. రెండు సెట్ల వీడియో తీయండి. ఎడిటింగ్, పాటలు వద్దు, ఓడిన పాయింట్లు కూడా ఉండనివ్వండి. ఈమెయిల్ బాబునే రాయమనండి. ఏజెన్సీ ఈమెయిళ్లు మాకు ఒకే మూసలో వచ్చేవి, పేరు మార్చడం మర్చిపోయి.

గోదారోడు
2019లో రిక్ సింగర్ అనేవాడి కేసు గుర్తుందా? ఆటే ఆడని పిల్లల్ని ఆటగాళ్లని చూపించి పెద్ద కాలేజీల్లో సీట్లు ఇప్పించాడు. జార్జ్‌టౌన్ టెన్నిస్ కోచ్ లంచాలు తిని జైలుకెళ్లాడు. "గ్యారంటీ" అన్న మాట వింటే నాకదే గుర్తొస్తుంది.

బోరబండ_భాయ్
ఆరు లక్షలు మిగిలినయ్ సార్. మీకు ఇరానీ చాయ్ బాకీ.

నెల్లూరు_నుంచి
ఒక చిన్న హెచ్చరిక, అందరు నాన్నలకీ. కోచ్‌లు పిల్లనే కాదు, కోర్టు కంచె బయట మనల్నీ చూస్తారు. నేను టోర్నమెంట్లో తెలుగులో "బ్యాక్‌హ్యాండుకి వెయ్యమ్మా, దానికి బ్యాక్‌హ్యాండు లేదు" అని మెల్లగా అందిస్తుండేవాణ్ని, ఎవరికీ అర్థం కాదు కదాని. ఒకరోజు పక్క కుర్చీలోంచి "మా అమ్మాయికి బ్యాక్‌హ్యాండు ఉందండీ" అన్నారు.

ఎడిసన్_బాబాయ్
ఉందా మరి?

నెల్లూరు_నుంచి
ఉంది. 6-2, 6-1 ఓడిపోయాం.

ఫ్రిస్కో_నాన్న
డిసెంబరు 3. ఏం జరిగిందో చెబుతాను.

సెకండ్ సింగిల్స్ గారు చెప్పినట్టు అయిదేళ్ల జట్టు జాబితాలు ప్రింట్ తీశాను. డైనింగ్ టేబుల్ మీద పరిచి, పసుపు హైలైటర్ అమ్మాయి చేతికిచ్చి, ఫ్రెష్‌మన్‌గా వచ్చినవాళ్ల పేర్ల మీద గీయమన్నాను. నాలుగేళ్లు గడవాల్సినవాళ్లు తొమ్మిది మంది తేలారు. చివరిదాకా పసుపు గీత వెళ్లింది ముగ్గురికి.

అది చూసి అమ్మాయి "నాకు తెలుసు నాన్నా" అంది. విజిట్‌లో రెండో రాత్రి డార్మ్‌లో దానికి తోడుగా ఉన్న అమ్మాయి చెప్పిందట. మ్యాచ్ ఓడిన పిల్లలతో కోచ్ రెండు మూడు రోజులు మాట్లాడడట. తిరుగు ప్రయాణంలో బస్సులో ముందు సీటు ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చోరట. అక్టోబరు నుంచి ఇది కడుపులో పెట్టుకుంది. ఎందుకు చెప్పలేదే అంటే, "అమ్మకి వాళ్లావిడ అంత నచ్చింది కదా, పనీర్ కూడా చేసింది" అంది. మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లింది. కాసేపు కుళాయి చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు.

హెచ్4 సంగతి కోచ్‌ని అడిగాం. ఆయన ఆ మాట ఎప్పుడూ వినలేదు. కాలేజీలో నిబంధనలు చూసే కంప్లయన్స్ ఆఫీసుని అడిగి చెబుతానన్నాడు. 100 శాతం ఎందుకు కాదంటే "చూద్దాం" అన్నాడు. నవంబరు 30 వచ్చింది, పోయింది. మొన్న మళ్లీ మెసేజ్: డిసెంబరు 15 దాకా ఆగుతాడట.

ఎడిసన్_బాబాయ్
సేలు పొడిగించారు. సంక్రాంతి ఆఫర్ కూడా ఉంటుంది చూడండి.

మాజీ_సెకండ్_సింగిల్స్
లిస్టులో ఆ ఇంకో అమ్మాయి వేరే చోటికి వెళ్లిపోయిందన్నమాట. వద్దనుకుంటే ఫోను మీ అమ్మాయితోనే చేయించండి. మెసేజ్ కాదు, ఫోను. ఈ కోచ్‌లందరూ ఒకరికొకరు తెలుసు, మర్యాదగా వద్దన్న పిల్లని గుర్తుపెట్టుకుంటారు.

ఫ్రిస్కో_నాన్న
ఇవాళ సాయంత్రం చేసింది. గదిలో తలుపేసుకుని, కాగితం మీద రాసుకుని మరీ. నాలుగు నిమిషాలు. ఆయన మర్యాదగానే మాట్లాడాడట, చివర్లో అమ్మని అడిగినట్టు చెప్పమన్నాడట.

డివిజన్ 3 కాలేజీ ఖర్చు లెక్క ఇంకా తేలలేదు, కల్యాణి గారు చెప్పినంతా ఉంది. అమ్మాయి తనంతట తానే ఇంకో ఆరు కాలేజీలకి ఈమెయిళ్లు రాసింది. ఒక్కదానికి జవాబొచ్చింది. పేరు మాకు చెప్పదట, చెబితే నేను వాళ్ల జాబితాలు ప్రింట్ తీస్తానట.

చలిదేశం_శాంత
తీసేశారా?

ఫ్రిస్కో_నాన్న
పేరు తెలిస్తే కదండీ.